చూడటానికి ఏ జట్టు వీడియో గేమ్ బాగుంటుంది? ప్రేక్షకుల కోసం ఒక పోలిక

ఒక జట్టు ఆటను స్వయంగా ఆడేవారికి నచ్చే గుణాలు, దాన్ని కూర్చొని చూసేవారికి నచ్చే గుణాలు ఒకటే కావాలన్న నియమం లేదు. ఆడేవారికి ప్రతి క్షణం చేతినిండా పని ఉంటుంది. తన పాత్ర ఎక్కడ నిలబడి ఉందో, తుపాకీలో ఎన్ని తూటాలు మిగిలాయో, మరుక్షణం తాను ఏం చేయబోతున్నాడో అతనికి తెలుసు. చూసేవారికి ఈ సమాచారమంతా బయటి నుంచి అందాలి, అదీ ఒకేసారి ఆరుగురు, పదిమంది, ఒక్కోసారి అరవైమంది గురించి అందాలి. కొన్ని ఆటల నిర్మాణమే ఈ పనిని సులభం చేస్తుంది. మరికొన్నిటికి ఎంత సమర్థులైన వ్యాఖ్యాతలు దొరికినా ఆ లోటు తీరదు. ఈ-స్పోర్ట్స్ (వీడియో గేముల పోటీలు) చూడడం కొత్తగా మొదలుపెట్టాలనుకొనేవారికీ, ఒకటి రెండు మ్యాచ్‌లు చూసి ఏమీ అర్థం కాక వదిలేసినవారికీ ఏ ఆట సరిపోతుందో తేల్చుకోవడానికి ఈ పోలిక ఉపయోగపడాలని నా ఉద్దేశం.

తెర మీద ఎంత వేగంగా, ఎన్ని సంఘటనలు జరుగుతున్నాయన్నదానికీ ప్రేక్షకుడు అనుభవించే ఉత్కంఠకూ సంబంధం చాలామంది అనుకున్నంత బలమైనది కాదు. ఏం జరగబోతోందో చూసేవాడికి కొంతైనా ముందే తెలియాలి, అది జరిగేలోగా ఆశపడడానికో భయపడడానికో కాస్త వ్యవధి దొరకాలి, వెనుకబడిన జట్టుకు తిరిగి లేచే దారి నిజంగానే ఉందని నమ్మకం కలగాలి. ఈ మూడూ ఉన్న ఆట నెమ్మదిగా సాగినా కూర్చోబెడుతుంది. ఇవి లేని ఆటలో సెకనుకో పేలుడు జరిగినా పావుగంటలో కళ్లు అలసిపోతాయి. కింద చెప్పే ప్రతి ఆటనూ ఈ దృష్టితోనే చూశాను.

అన్నిటికంటే తేలికగా అర్థమయ్యేది రాకెట్ లీగ్. 2015 జూలైలో విడుదలైన ఈ ఆటలో ముగ్గురేసి సభ్యులున్న రెండు జట్లు రాకెట్ ఇంజన్లు బిగించిన కార్లతో ఒక పెద్ద బంతిని ఎదుటివారి గోల్‌లోకి కొట్టాలి. ఒక్కో గేమ్ 5 నిమిషాలే. బంతి ఒకటే కాబట్టి కెమెరా దేన్ని చూపాలన్న సందేహం రాదు, ఎవరు ముందున్నారో స్కోరు చూస్తే చాలు, నియమాలు వివరించడానికి అర నిమిషం కూడా పట్టదు. ఈ ఆటలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకొనేది గడియారం సున్నాకు చేరాక కూడా బంతి నేలను తాకేదాకా ఆట ముగియకపోవడం. 2018లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఎన్‌ఆర్‌జీ జట్టు ఆటగాడు జస్టిన్ మొరాలెస్, గడియారం సున్నా చూపిస్తుండగా గాలిలో ఉన్న బంతిని గోల్‌లోకి పంపి స్కోరు సమం చేశాడు. చివరికి టైటిల్ డిగ్నిటాస్‌కు దక్కినా, ఆ ఫైనల్ పేరెత్తగానే అభిమానులకు ముందుగా గుర్తొచ్చేది ఆ గోలే. అయితే ఈ సరళతకు ఒక పరిమితి ఉంది. గోల్స్, గోల్‌కీపింగ్ ఎవరికైనా కనిపిస్తాయి కానీ, ఆటగాళ్లు వంతులవారీగా ముందుకూ వెనక్కూ తిరిగే రొటేషన్, కార్లకు అదనపు వేగాన్నిచ్చే బూస్ట్‌ను ఎదుటివారికి అందకుండా చేసే ఎత్తుగడ కొత్త కంటికి ఆనవు. అవి తెలియనంత కాలం పదో మ్యాచ్ మొదటి మ్యాచ్‌లాగే అనిపించే ప్రమాదం ఉంది.

ఏళ్ల తరబడి చూడదగిన ఆట ఏదని అడిగితే నేను చెప్పేది కౌంటర్-స్ట్రైక్ పేరే. అది అన్ని విధాలా పరిపూర్ణమైన ఆట అని నా వాదన కాదు. ఉత్కంఠను ప్రేక్షకుడికి అందించే విషయంలో దాని నిర్మాణానికి సాటి వచ్చే తుపాకీ ఆట మరొకటి నాకు కనిపించలేదు. ఐదుగురు దాడిచేస్తారు, ఐదుగురు రెండు స్థలాలను కాపాడుతారు. దాడిచేసేవారు బాంబు పెడితే అది 40 సెకన్లలో పేలుతుంది. దాన్ని నిర్వీర్యం చేయడానికి కిట్ ఉంటే 5 సెకన్లు, లేకపోతే 10 సెకన్లు పడుతుంది. ఈ మూడు అంకెలు తెలిసిన ప్రేక్షకుడికి రౌండ్ చివరి నిమిషం మొత్తం చదవగలిగే పుస్తకం అవుతుంది. ఒక్కడే మిగిలిన ఆటగాడి దగ్గర కిట్ లేదు, బాంబు పేలడానికి 12 సెకన్లు ఉన్నాయి, పొగ వెనుక శత్రువు ఒకడు ఉన్నాడు అన్న పరిస్థితి ఎదురైనప్పుడు వ్యాఖ్యాత ఒక్క మాట మాట్లాడకపోయినా హాలు మొత్తం ఊపిరి బిగబట్టడానికి కారణం, ప్రతి ఒక్కరూ ఒకే లెక్కను ఒకేసారి వేస్తుండడమే. పైగా ప్రసారంలో గోడల వెనుక ఉన్న ఆటగాళ్ల ఆకారాలు కూడా కనిపిస్తాయి. మూల మలుపు తిరగబోతున్న ఆటగాడికి తెలియని ఆపద చూసేవారికి ముందే తెలుస్తుంది.

కౌంటర్-స్ట్రైక్‌లోని డబ్బు లెక్క కొత్తవారికి విసుగనిపించవచ్చు కానీ, ఆశకు ఆధారం అక్కడే ఉంది. మొదటి రౌండ్‌లో ఒక్కొక్కరి చేతిలో 800 డాలర్లు ఉంటాయి, అంటే పిస్తోలు తప్ప పెద్దగా ఏమీ రాదు. ఏకే-47 ధర 2,700 డాలర్లు, ఒక్క గుండుతో చంపగల ఏడబ్ల్యూపీ ధర 4,750 డాలర్లు. ఓడిన జట్టుకు కూడా కొంత సొమ్ము అందుతుంది, వరుసగా ఓడుతున్న కొద్దీ అది పెరుగుతుంది. అందువల్ల ఒక జట్టు కావాలనే ఒక రౌండ్‌లో తక్కువ ఖర్చుపెట్టి తర్వాతి రౌండ్‌కు సిద్ధపడవచ్చు, పిస్తోళ్లతో వచ్చిన ఆ జట్టే అనుకోకుండా గెలిస్తే ఎదుటివారి ఖజానా కుప్పకూలవచ్చు. ఇలా రెండు మూడు రౌండ్ల తర్వాత రాబోయే ఫలితం కూడా ప్రేక్షకుడి ఊహకు అందుతుంది. ప్రస్తుతం ముందుగా 13 రౌండ్లు గెలిచినవారిది మ్యాప్, అంటే ఒక ఆటస్థలంలో ఆడే గేమ్. ఇంతకుముందు 16 గెలవాల్సి ఉండేది. ఈ మార్పు వల్ల మ్యాచ్ నిడివి తగ్గింది కానీ, వెనుకబడిన జట్టు కోలుకోవడానికి దొరికే అవకాశాలు కూడా కొంత తగ్గాయని నాకనిపిస్తుంది.

పాత పద్ధతిలో జరిగినదే అయినా, కొత్తవారికి చూపించడానికి 2018 జనవరిలో బోస్టన్‌లో జరిగిన మేజర్ (కౌంటర్-స్ట్రైక్‌లో అతిపెద్ద స్థాయి పోటీ) ఫైనల్ కంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు. క్లౌడ్9, ఫేజ్ జట్లు చెరొక మ్యాప్ గెలిచాక, నిర్ణాయకమైన ఇన్ఫెర్నో మ్యాప్‌లో ఫేజ్ 15–11తో ముందుంది. ఒక్క రౌండ్ గెలిస్తే కప్పు వారిది. అక్కడి నుంచి క్లౌడ్9 ఒక్కొక్క రౌండే లాక్కొని అదనపు సమయానికి, అక్కడి నుంచి రెండో అదనపు సమయానికి తీసుకెళ్లి 22–19తో గెలిచింది. ఫలితం తెలిసి చూసినా ఆ చివరి రౌండ్లలో గుండె వేగం పెరుగుతుంది. ఒక్క రౌండ్ గెలుపుతో మ్యాచ్ ముగిసే దశలో కూడా ఎదుటి జట్టు చేతిలో తుపాకులు కొనుక్కొనేంత సొమ్ము ఉండడం వల్లనే అది సాధ్యమైంది. మ్యాప్‌లు త్వరగా మారిపోకపోవడం ఈ ఆటకున్న మరొక బలం. 2001లో వచ్చిన డస్ట్ 2 నేటికీ ఆటలో ఉంది. ఒకసారి దారులు గుర్తుపెట్టుకుంటే ఆ జ్ఞానం ఏళ్లపాటు పనికొస్తుంది.

వాలరెంట్ ఇదే అస్థిపంజరం మీద నిర్మించిన ఆట. 2020 జూన్‌లో విడుదలైంది. ఇక్కడా ఐదుగురికి ఐదుగురు, 13 రౌండ్లే గెలుపు, బాంబుకు బదులు 45 సెకన్లలో పేలే స్పైక్, దాన్ని నిర్వీర్యం చేయడానికి 7 సెకన్లు. సగం పని, అంటే మూడున్నర సెకన్లు పూర్తిచేసి వదిలేస్తే ఆ సగం నిలిచిపోతుంది, తర్వాత మిగిలిన సగం చేస్తే చాలు. ఈ చిన్న నియమం ప్రేక్షకుడికి చక్కటి బహుమతి, ఎందుకంటే ఒక్కడే మిగిలినవాడు ధైర్యం చేసి సగం దాకా ఆగుతాడా, శబ్దం చేసి శత్రువును రప్పించి లేస్తాడా అన్న ప్రశ్న ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. తేడా అంతా ఏజెంట్ల, అంటే ఆటగాళ్లు ఎంచుకొనే పాత్రల, ప్రత్యేక శక్తుల్లో ఉంది. గోడలు లేపేవారు, చూపు పోగొట్టేవారు, చనిపోయిన సహచరుణ్ని బతికించేవారు ఉండడం వల్ల అనూహ్యత పెరుగుతుంది. అదే కారణం వల్ల తెర మీద రంగులు, పొగలు, మెరుపులు కిక్కిరిసి, ఎవరు ఎవరిని ఎందుకు చంపారో కొత్తవారికి తెలియకుండా పోతుంది. ఆ ఏజెంట్లతో ఆడినవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. 2024 ఆగస్టులో సియోల్‌లో ఈడీజీ జట్టు టీమ్ హెరెటిక్స్‌ను 3–2తో ఓడించిన ఛాంపియన్స్ (వాలరెంట్ ప్రపంచ పోటీ) ఫైనల్ ఐదో మ్యాప్ దాకా సాగింది. కౌంటర్-స్ట్రైక్, వాలరెంట్‌లలో ఒకటే ఎంచుకోవాలంటే, ఆడే అలవాటు లేనివారికి మొదటిది, వాలరెంట్ ఆడినవారికి తప్పకుండా రెండోది సూచిస్తాను.

మరో తుపాకీ ఆట రెయిన్‌బో సిక్స్ సీజ్ ఆడేవారికి అద్భుతమైనది కావచ్చు. గోడలు, నేల, పైకప్పు పగలగొట్టగలిగే అంతస్తుల భవనంలో ఎవరు ఏ గదిలో ఉన్నారో, ఏ రంధ్రం గుండా ఎవరిని చూస్తున్నారో బయటివారికి అంతుచిక్కడం కష్టం కాబట్టి మొదటి ఎంపికగా దాన్ని ఎవరికీ చెప్పను.

ఓవర్‌వాచ్ విషయం మాత్రం కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే ప్రేక్షకుల కోసం ఒక ఆట మీద అంత పెద్ద ఎత్తున పెట్టుబడి పెట్టిన సందర్భాలు తక్కువ. ప్రత్యేక శక్తులున్న హీరోలతో 2016లో వచ్చిన ఈ తుపాకీ ఆటకు 2018లో నగరాల పేర్లతో జట్లుండే లీగ్ మొదలైంది, మొదట 12 జట్లు, మరుసటి ఏడాదికి 20 జట్లు. 2023తో ఆ లీగ్ ముగిసిపోయింది. దాని ముగింపుకు వ్యాపార కారణాలు చాలా ఉన్నాయి, కానీ చూసేవారి ఇబ్బంది కూడా నిజమైనదే. పన్నెండుమంది ఒకే ఇరుకు సందులో కవచాలు, మెరుపులు, ప్రాణం పోసే కిరణాలు ఒకదాని మీద ఒకటి కురిపిస్తుంటే, పోరు గెలిపించిన నిర్ణయం ఎవరిదో మొదటి వ్యక్తి దృష్టికోణంలో పట్టుకోవడం అసాధ్యమవుతుంది. జట్లకు వేర్వేరు రంగులు ఇచ్చి ఇంటి జట్టు, బయటి జట్టు అని గుర్తుపట్టేలా చేశారు. అది మంచి పని, అయినా చాలలేదు. 2019లో ముగ్గురు ట్యాంకులు (ముందు నిలిచి దెబ్బలు కాసేవారు), ముగ్గురు సపోర్ట్‌లతో (సహచరులకు ప్రాణం పోసేవారు) కూడిన 'గోట్స్' కూర్పు అన్ని జట్లలో వ్యాపించి, గుంపుగా తోసుకోవడమే మ్యాచ్‌గా మారినప్పుడు విసుగు మరింత పెరిగింది. ఆ ఏడాదే పాత్రకు ఇద్దరేసి ఉండాలన్న నిబంధన తెచ్చారు. తర్వాత ఆట రెండో భాగమైన ఓవర్‌వాచ్ 2లో జట్టుకు ఐదుగురినే ఉంచడం చూసేవారికి మేలు చేసింది. న్యాయంగా చెప్పాలంటే, సమయం అయిపోయినా దాడిచేసేవారిలో ఒక్కడైనా పేలోడ్ (గమ్యానికి చేర్చాల్సిన బండి) దగ్గర నిలిచి ఉన్నంతసేపు ఆట ముగియకుండా సాగే చివరి పోరు ఏ ఆటకూ తీసిపోదు. ఆ ఘట్టం కోసం మిగతా మ్యాచ్ ఓపిగ్గా చూడగలిగేవారు దాన్ని స్వయంగా ఆడినవారే అవుతారు.

ఇప్పుడు అన్నిటికంటే లోతైన, అన్నిటికంటే కష్టమైన జంట దగ్గరకు వద్దాం. డోటా 2, లీగ్ ఆఫ్ లెజెండ్స్ (ఇకపై లీగ్) రెండింటిలోనూ ఐదుగురేసి ఆటగాళ్లు మూడు దారులున్న మ్యాప్‌లో బలం పెంచుకుంటూ ఎదుటివారి కేంద్ర భవనాన్ని కూల్చాలి. డోటాలో 120కి పైగా హీరోలు, లీగ్‌లో 160కి పైగా ఛాంపియన్లు ఉన్నారు; ఆటగాళ్లు ఎంచుకొనే పాత్రలకు ఆ ఆటల్లో ఉన్న పేర్లివి. ప్రతి ఒక్కరికీ కొన్ని శక్తులు, కొనుక్కొనే వస్తువులు వేరు. ఇవేవీ తెలియని వ్యక్తిని నేరుగా ఫైనల్ ముందు కూర్చోబెడితే అరగంటసేపు రంగురంగుల గందరగోళం తప్ప మరేమీ కనిపించదు, అది అతని తప్పు కాదు. కానీ ఒకసారి గడప దాటినవారికి ఈ ఆటలు ఇచ్చే ఉత్కంఠ లోతు వేరు. మ్యాచ్ మొదలుకాక ముందే, హీరోలను ఎంచుకొనే డ్రాఫ్ట్‌లోనే వాదం మొదలవుతుంది. ఏ జట్టు ఆలస్యంగా బలపడుతుందో, ఏ జట్టు తొందరగా ముగించాలో తెలిసిన ప్రేక్షకుడికి ప్రతి నిమిషం ఒక గడువులా తోస్తుంది. లీగ్‌లో 2025 నుంచి ఒక సిరీస్‌లో ఏ జట్టైనా ఒకసారి వాడిన ఛాంపియన్‌ను తర్వాతి గేముల్లో ఎవరూ వాడకూడదన్న నిబంధన రావడంతో, ఐదో గేమ్ డ్రాఫ్ట్ వింత వింత ఎంపికలతో మరింత ఆసక్తికరంగా మారింది.

ఈ రెండింటి మధ్య తేడా ఆశ విషయంలో స్పష్టంగా బయటపడుతుంది. లీగ్‌లో ఆట సాగేకొద్దీ చనిపోయినవారు తిరిగి రావడానికి పట్టే సమయం పెరుగుతుంది; 35వ నిమిషంలో ఒక్క పోరు ఓడితే ఆటే పోవచ్చు, అందువల్ల చివరి దశ ఒక సన్నని తాడు మీద నడకలా ఉంటుంది. డోటాలో చనిపోయిన హీరోను డబ్బు చెల్లించి వెంటనే తిరిగి తెచ్చుకొనే బైబ్యాక్ ఉంది, ఒకసారి వాడితే మళ్లీ వాడడానికి 8 నిమిషాలు ఆగాలి. మ్యాప్‌లో ఉండే బలమైన రాక్షసుడు రోషాన్‌ను చంపినవారికి ఒక ప్రాణం అదనంగా దొరుకుతుంది. ఎవరికి బైబ్యాక్ ఉంది, ఎవరికి లేదు అన్నది గమనించడం నేర్చుకున్న రోజు నుంచి డోటా చూడడం పూర్తిగా మారిపోతుంది. ఓడిపోయినట్టే కనిపించిన పోరు రెండు బైబ్యాక్‌లతో తిరగబడడం అక్కడ అరుదు కాదు. ఒక జట్టు ఐదుగురూ స్మోక్ వాడి కనపడకుండా అడవిలో నడుస్తుంటే, ఒంటరిగా డబ్బు సంపాదించుకుంటున్న శత్రువుకు తెలియని విషయం మనకు తెలిసి ఉండే ఆ పది పదిహేను సెకన్లు, ఏ పేలుడూ లేకుండానే, ఈ ఆటలో నాకు అత్యంత ప్రియమైన క్షణాలు.

నాటకీయతకు రెండూ తక్కువ కావు. 2018లో వాంకూవర్‌లో జరిగిన ది ఇంటర్నేషనల్ (డోటా ప్రపంచ పోటీ)లో, ఎవరైనా పాల్గొనగల ఓపెన్ క్వాలిఫయర్ల నుంచి వచ్చిన ఓజీ జట్టు, ఫైనల్లో పీఎస్‌జీ.ఎల్‌జీడీ చేతిలో 1–2తో వెనుకబడి, చివరి రెండు గేములూ గెలిచి కప్పు ఎత్తింది. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లీగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో డీఆర్‌ఎక్స్, ప్రాథమిక దశ నుంచి మొదలుపెట్టి, ప్రఖ్యాత ఆటగాడు ఫేకర్ నాయకత్వంలోని టీ1ను 3–2తో ఓడించింది. 2021లో బుకారెస్ట్‌లో జరిగిన ది ఇంటర్నేషనల్ బహుమతి మొత్తం 4 కోట్ల డాలర్లు దాటింది, హాల్లో మాత్రం ప్రేక్షకులు లేరు. అయినా టీమ్ స్పిరిట్ 3–2తో గెలిచిన ఆ ఫైనల్ ఉత్కంఠకు లోటు రాలేదు. బహుమతి సొమ్మును బట్టి, హాలు కోలాహలాన్ని బట్టి ఆటను ఎంచుకోవద్దని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ఇక పబ్‌జీ, ఏపెక్స్ లెజెండ్స్ వంటి బ్యాటిల్ రాయల్ ఆటల (చాలా జట్లలో చివరిదాకా బతికి ఉన్నది గెలిచేవి) సంగతి వేరు. పబ్‌జీ పోటీల్లో నలుగురేసి సభ్యుల 16 జట్లు, అంటే 64 మంది, ఒకేసారి ఒకే మ్యాప్‌లో ఉంటారు. ఏ కెమెరా ఎంత చురుగ్గా తిరిగినా ఒక చోటి పోరు చూపిస్తుంటే మరో చోటిది తప్పిపోతుంది. ఆటగాళ్లు ఉండాల్సిన సురక్షిత ప్రాంతం, అంటే సర్కిల్, చిన్నదయ్యేదాకా చాలాసేపు ప్రయాణాలే కనిపిస్తాయి. విజేతను పాయింట్ల పట్టిక తేలుస్తుంది కాబట్టి ఒక మ్యాచ్ విజయం ఆనందాన్నిచ్చినా కథ ఎటు వెళుతోందో తెలియడానికి పట్టిక పక్కన పెట్టుకోవాలి. ఈ సమస్యకు ఏపెక్స్ పోటీల నిర్వాహకులు కనిపెట్టిన మ్యాచ్ పాయింట్ పద్ధతి నాకు చాలా తెలివైనదిగా తోస్తుంది. ఫైనల్లో 50 పాయింట్లు చేరిన జట్టు ఆ తర్వాత ఒక మ్యాచ్ గెలిస్తేనే విజేత. అప్పటిదాకా మ్యాచ్‌లు సాగుతూనే ఉంటాయి. దాంతో పట్టికలోని లెక్క కాస్తా తెర మీది ప్రాణాపాయంగా మారుతుంది, ఎందుకంటే చివరి సర్కిల్లో మిగిలిన జట్లలో ఎవరు గెలిస్తే పోటీ ముగుస్తుందో, ఎవరు గెలిస్తే ఇంకా సాగుతుందో అందరికీ తెలుసు. మీకు ఇష్టమైన జట్టు ఒకటి ఉంటే ఈ ఆటలు చూడండి, ఎందుకంటే అప్పుడు అంతమందిలో ఆ ఒక్క జట్టునే అనుసరిస్తే సరిపోతుంది; ఏ జట్టు మీదా అభిమానం లేకపోతే చివరి పది నిమిషాల భాగాలతో సరిపెట్టుకోవచ్చు.

ఎంపికకు మొదట మీ దగ్గర ఉన్న సమయం చూసుకోండి. గంటలోపే ముగిసేది కావాలంటే రాకెట్ లీగ్‌లో నాలుగు గేములు గెలవాల్సిన సిరీస్ దాదాపు సరిపోతుంది. కౌంటర్-స్ట్రైక్‌లో మూడు మ్యాప్‌ల మ్యాచ్ పూర్తిగా సాగితే రెండు గంటలు దాటుతుంది, డోటా ఫైనల్ కోసం సాయంత్రమంతా కేటాయించాలి. తర్వాత, మీరు ఆ ఆటను కొంతైనా ఆడారా అని చూసుకోండి. ఆడి ఉంటే పైన చెప్పిన అభ్యంతరాలు చాలావరకు బలహీనపడతాయి. ఓవర్‌వాచ్ ఆడినవారికి ఆ గందరగోళంలోనే నిర్ణయాలు కనిపిస్తాయి, లీగ్ ఆడినవారికి డ్రాఫ్టే సగం మ్యాచ్. ఆడకపోతే, కుటుంబంలో ఎవరికీ తెలియని ఆటను అందరూ కలిసి చూడాలనుకుంటే రాకెట్ లీగ్; ఒంటరిగా, నేర్చుకుంటూ, ఒక సీజన్ వెంట నడవాలనుకుంటే కౌంటర్-స్ట్రైక్; నెలరోజులు నేర్చుకోవడానికి ఓపిక ఉండి, ఆ తర్వాత ఏళ్లపాటు లోతు కావాలనుకుంటే డోటా. లీగ్‌ను ఈ చివరి స్థానంలోనే కొద్దిగా ముందుకు జరపవచ్చు, ఎందుకంటే దాని మ్యాచ్‌లు కొంత పొట్టిగా, దృశ్యం కొంత శుభ్రంగా ఉంటాయి.

ఏ ఆట ఎంచుకున్నా మొదటిసారి పోటీ తొలి దశలోని మామూలు మ్యాచ్‌తో మొదలుపెట్టవద్దు. ఓడిన జట్టు పోటీ నుంచి వెళ్లిపోయే ఎలిమినేషన్ మ్యాచ్‌ను, అందులోనూ రెండు జట్ల బలం దాదాపు సమానంగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఓడితే ఏం పోతుందో స్పష్టంగా తెలిసినప్పుడు నియమాలు సగమే అర్థమైనా ఆసక్తి నిలుస్తుంది. చూసేటప్పుడు అందరినీ గమనించాలని ప్రయత్నించకండి. తుపాకీ ఆటల్లో మూలనున్న చిన్న మ్యాప్ మీద, బాంబు ఎవరి దగ్గర ఉందన్నదాని మీద దృష్టి పెట్టండి. డోటా, లీగ్‌లలో ప్రతి జట్టులో అత్యధిక బంగారం ఉన్న ఒక్క ఆటగాణ్ని ఎంచుకొని అతను బతికి ఉన్నాడా, ఎక్కడున్నాడు అన్నది మాత్రమే చూడండి. డోటా 2 క్లయింట్‌లో అయితే ప్రసారం మీద ఆధారపడకుండా కెమెరాను మీరే నడుపుకోవచ్చు, ఒకే ఆటగాడి కళ్లతో మ్యాచ్ మొత్తం చూడవచ్చు. కొత్తవారికి ఇది మొదటి గేమ్‌లో అక్కరలేదు, రెండో వారం నుంచి మాత్రం వ్యాఖ్యానం వింటూ ఒక గేమ్, ఒక ఆటగాణ్ని అనుసరిస్తూ ఒక గేమ్ చొప్పున చూస్తే ఆట త్వరగా పట్టుబడుతుంది.